స్విచ్చి మీద బొట్టు

ఆటోనగర్‌లో ఆగిపోయిన బండిని నడిపించేవాళ్లు వేలమంది ఉన్నారు. నడుస్తున్న కంప్యూటర్‌ని ఆపగలిగినవాడు మాత్రం ఒక్కడూ దొరకలేదు. లారీ బాడీ తయారీదార్ల, మెకానిక్కుల సంక్షేమ సంఘం ఆఫీసులో నెలన్నరగా ఇదే గొడవ. సాయంత్రం ఐదున్నరకి గుమాస్తా ఎలీషా 'షట్‌డౌన్' నొక్కేవాడు. అది మారుమాట్లాడకుండా తెర నల్లగా చేసుకుని, లోపలి ఫ్యాను ఆపేసి, చక్కగా నిద్రపోయేది. అతను క్యారేజీ సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్లేవాడు. అప్పుడు వెనకనుంచి బీప్‌మని వినబడేది. తిరిగి చూస్తే అది మళ్లీ లేచి కూర్చుని, ఇప్పుడే తెల్లారినట్టు వెలుగుతూ ఉండేది.

గోడ మీద స్విచ్చి కట్టేస్తే పోలేదా అని మీరు అడుగుతారు. సంఘం సభ్యులు కూడా రోజుకి పదిమంది చొప్పున అదే అడిగారు. ఆ స్విచ్చి ఇనప బీరువా వెనకాల ఉంది. బీరువాని అక్కడినుంచి కదపకూడదని పాత ప్రెసిడెంటు వాస్తు చూపించి మరీ పెట్టించాడు. బీరువాకీ గోడకీ మధ్య ఎలీషా చెయ్యి భుజం దాకా దూర్చి, చెంప ఇనుముకి ఆనించి, వేళ్లతో తడుముకుంటూ స్విచ్చి పట్టుకునేసరికి కంప్యూటర్ లేచి పని మొదలుపెట్టేసేది. అయినా రెండుసార్లు కట్టేశాడు. మర్నాడు తెరిస్తే సభ్యుల జాబితాలో సగం పేర్లు పోయి వాటి జాగాలో ప్రశ్నార్థకాలు నిలబడ్డాయి. జనవరిలో సంఘం ఎన్నికలు. ఓటర్ల జాబితా అదే.

"నడుస్తున్న మిషన్ పీక కొయ్యొద్దయ్యా ఎలీషా. మామూలుగా ఆపు" అని ప్రెసిడెంటు రత్తయ్య గారు ఆజ్ఞ వేశారు. మామూలుగా ఎలా ఆగుతుందో మాత్రం ఆయన చెప్పలేదు. దాంతో ఎలీషా రోజూ దాన్ని ఆపడం, అది లేవడం, మళ్లీ ఆపడం, మళ్లీ లేవడం, ఈలోగా ఆరుగంటల ఉయ్యూరు బస్సు బందరు రోడ్డు మీద వెళ్లిపోవడం, ఇంటికి చేరేసరికి భార్య సువార్తమ్మ అన్నం గిన్నె మీద మూత మార్చి మార్చి విసుక్కోవడం అలవాటైపోయింది.

ఎలీషా ఆ సంఘంలో ఇరవై ఆరేళ్లుగా గుమాస్తా. సభ్యుల పేర్లు, షెడ్డు నంబర్లు, ఎవరి షెడ్డు ఎవరి కొడుకు చేతికొచ్చింది, ఎవరు పని మానేశారు, అంతా ఒక లావుపాటి రిజిస్టర్లో నీలం సిరాతో రాసి ఉంచాడు. అతని అక్షరాలు గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉంటాయి. ఎప్పుడో చచ్చిపోయిన మెకానిక్కు షెడ్డు నంబరు అడిగినా ఆ పుస్తకం తెరిచి ఒక్క నిమిషంలో చెప్పేవాడు. ఇరవై ఆరేళ్లలో ఆ పుస్తకం ఒక్కసారి కూడా తనంతట తను తెరుచుకోలేదు.

దసరాకి ముందు రత్తయ్య గారికి సంఘాన్ని ఆధునికం చెయ్యాలని బుద్ధి పుట్టింది. ఆయన బావమరిది కొట్లో ఒక కంప్యూటర్ అమ్ముడుపోకుండా పడి ఉన్న వారంలోనే ఆ బుద్ధి పుట్టడం కేవలం కాకతాళీయమని ఆయన వర్గం వాళ్లు అన్నారు. టైర్ల రీట్రేడింగు జయపాల్ నాయకత్వంలోని అవతలి వర్గం వాళ్లు ఏమన్నారో ఇక్కడ రాయడం మర్యాద కాదు. మొత్తానికి కంప్యూటర్ వచ్చింది. ఎలీషా రెండు వేళ్లతో టైపు చెయ్యడం నేర్చుకుని, పది రోజులు కూర్చుని రిజిస్టరు మొత్తం అందులోకి ఎక్కించాడు. ఎక్కించాక కూడా రిజిస్టర్లో రాయడం మానలేదు. ఎవరికీ చెప్పకుండా, సిగ్గుపడుతూ, మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక ఆ రోజు మార్పులన్నీ పుస్తకంలోనూ రాసుకునేవాడు.

ఆయుధ పూజ నాడు ఆటోనగర్‌లో బొట్టు లేని ఇనుము ఉండదు. లేతు మిషన్లు, వెల్డింగు సెట్లు, కంప్రెసర్లు, పానాలు, సుత్తులు, అన్నిటికీ చందనం, కుంకుమ. ప్రతి షెడ్డు ముందూ గుమ్మడికాయ పగుల్తుంది. సంఘం ఆఫీసులో పనిముట్లు లేవు కాబట్టి అక్కడ ఏటా ఆ రిజిస్టర్‌కే పూజ. ఎలీషా చర్చికి వెళ్లే మనిషి. అయినా ఆ రోజు పుస్తకానికి తనే కొత్త అట్ట వేసి, దుమ్ము తుడిచి, బల్ల మీద పెట్టి పక్కన నిలబడేవాడు. తన చేతి రాతకి ఏడాదికోసారి ఎవరో ఒకరు నమస్కారం పెట్టడం అతనికి బాగుండేది. ఈ దసరాకి పుస్తకాన్ని బల్ల మీదనుంచి తీసి బీరువా కింది అరలోకి తోసేశారు. బల్ల మీద కంప్యూటర్ వచ్చి కూర్చుంది.

రత్తయ్య గారు బొటనవేలికి చందనం అద్దుకుని దాని ముందు నిలబడి సందేహంలో పడ్డారు.

"దీనికి నుదురు ఎక్కడయ్యా ఎలీషా?"

ఎలీషా ఆలోచించి, డబ్బా ముందున్న గుండ్రటి బటన్ చూపించాడు. "ఇక్కడ నొక్కితే ప్రాణం వచ్చుద్దండి."

"అయితే అదే నుదురు" అని రత్తయ్య గారు బటన్ మీద నిండుగా చందనం అద్ది, దాని మీద కుంకుమ పెట్టారు. అది మొదలు ప్రతి శుక్రవారం ఉదయం షెడ్డుకి వెళ్లేముందు ఆఫీసుకొచ్చి పాత బొట్టు మీదే కొత్త బొట్టు పెట్టి వెళ్లడం ఆయన నియమం చేసుకున్నారు.

ఎలీషా ఆ రాత్రి ఇంటికెళ్లి భార్యతో ఒక్క మాటే అన్నాడు. "కొత్త మిషన్ వచ్చింది. ఇంక పాత మనిషి ఎందుకంటారేమో." యాభై నాలుగేళ్లవాడు. అందమైన అక్షరాలు తప్ప వేరే విద్య లేదు. కూతురు జెస్సికా నర్సింగు చదువు ఇంకా రెండేళ్లుంది. సువార్తమ్మ లోపలికి వెళ్లి, ఉపవాస ప్రార్థనల్లో పాస్టరు గారు ప్రార్థించి ఇచ్చిన చిన్న నూనె సీసా తెచ్చి అతని చొక్కా జేబులో పెట్టింది.

"రోజూ పొద్దున్నే ఆ మిషన్‌కి ఒక్క చుక్క రాయండి. ఎవరూ చూడకుండా రాయండి. మీ కుర్చీ ఎక్కడికీ పోదు."

ఎక్కడ రాయాలో ఆమె చెప్పలేదు. పొద్దున్నే అతని వేలు మొదట తగిలేది ఆ బటన్‌కే కాబట్టి అక్కడే రాశాడు. శుక్రవారాలు ప్రెసిడెంటు గారి బొట్టు కాస్త పెద్దగా కనిపిస్తే, శనివారం పొద్దున్న ఎలీషా ఒక చుక్క ఎక్కువ వేసేవాడు. ఇలా నాలుగు వారాలు గడిచాయి. అయిదో వారం నుంచి కంప్యూటర్ నిద్రపోవడం మానేసింది.

ఇక వైద్యులు వచ్చారు. ఆటోనగర్ మెకానిక్కులు కదా, ఎవరి పనిలోంచి వాళ్లు రోగం చూశారు. రేడియేటర్ల వెంకట్రావు డబ్బా మీద అరచెయ్యి పెట్టి వేడెక్కుతోందన్నాడు. బ్యాటరీల షాపువాడు ఎర్తు సరిగా లేదన్నాడు. డీజిల్ పంపులు రిపేరు చేసే ఆయన "దీనికి స్టాపర్ కేబులు తెగిందండీ, అది లాగితేనే ఇంజను ఆగుద్ది" అని, కేబులు ఎక్కడుందో వెతకమని ఎలీషాని బల్ల కిందకి పంపాడు. అరగంట వెతికించి, దీన్ని తయారుచేసినవాడు స్టాపర్ పెట్టడమే మర్చిపోయాడని తేల్చి వెళ్లాడు. పెయింటర్ ఒకాయన రంగు మార్చి చూడమన్నాడు. టీ తాగకుండా ఎవరూ వెళ్లలేదు. డబ్బా మూత విప్పి చూద్దామని మాత్రం ఒక్కరూ అనలేదు. పదిహేను టన్నుల లారీని నట్టు నట్టుగా ఊడదీసేవాళ్లు ఆ రేకు డబ్బా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

తరవాత గవర్నర్‌పేట నుంచి సర్వీసు మనిషి వచ్చాడు. అతను కంప్యూటర్‌ని చూడలేదు. తెరని మాత్రమే చూశాడు. సాఫ్ట్‌వేర్ అన్నాడు. ఉన్నదంతా చెరిపేసి కొత్తగా ఎక్కించాడు. అందులో ఓటర్ల జాబితా కూడా చెరిగిపోయింది. అతను వెళ్లిన ఐదు నిమిషాలకి కంప్యూటర్ కొత్త సాఫ్ట్‌వేర్‌తో, కొత్త ఉత్సాహంతో మళ్లీ లేచింది. ఎలీషా బీరువా కింది అరలోంచి రిజిస్టరు తీసి, తలుపు దగ్గరగా వేసుకుని, మూడు రోజులు కూర్చుని రెండు వేళ్లతో జాబితా అంతా మళ్లీ కొట్టాడు. జాబితా పోయిందనీ, తిరిగొచ్చిందనీ ప్రెసిడెంటు గారికి చెప్పలేదు. పాత పుస్తకం ఇంకా రాస్తున్నానంటే తనకి కంప్యూటర్ పని రాదనుకుంటారని అతని భయం.

రోగం ముదిరేకొద్దీ రత్తయ్య గారి బొట్టు పెరిగింది. మొదట చుక్కంత ఉన్నది అర్ధరూపాయంత అయింది, తరవాత రూపాయంత అయింది. కొండ మీద అమ్మవారి కుంకుమ ప్రత్యేకంగా తెప్పించారు. ఎలీషా కూడా ఊరుకోలేదు. చుక్క కాస్తా రెండు చుక్కలైంది, తరవాత వేలు ముంచి రాసే దాకా వచ్చింది. సువార్తమ్మ రెండో సీసా తెచ్చింది.

బుధవారం కమిటీ కూర్చుంది. ఎలీషా టీలు పట్టుకుని లోపలికి వెళ్లబోతూ గుమ్మంలో ఆగాడు. కమిటీ సభ్యుడొకాయన గొంతు తగ్గించి అంటున్నాడు: "మనం శుక్రవారం శుక్రవారం పూజ చేస్తానే ఉన్నాం. దాని ముందు రోజంతా కూర్చునే మనిషికి ఆ నమ్మకం లేదు గదా. అదేమన్నా తగులుతుందేమో ఆలోచించండి."

"ఛ, అట్టాంటి మాటలు మాట్లాడకూడదు" అన్నారు రత్తయ్య గారు. కాని ఆ మాట తప్పని మాత్రం ఆయన అనలేదు. ఎలీషా లోపలికి వెళ్లి ఒక్కొక్కరికీ టీ అందించాడు. ఇరవై ఆరేళ్లుగా వాళ్లకి టీ ఇస్తున్న చేతులే అవి. అతనికి కోపం రాలేదు. ఖాళీ గ్లాసుల కోసం గుమ్మం పక్కనే నిలబడ్డాడు.

సమావేశం అయ్యాక రత్తయ్య గారు అతన్ని పక్కకి పిలిచారు.

"ఎల్లుండి శుక్రవారం నాలుగింటికి సర్వసభ్య సమావేశం. అందరి ముందూ ఇది ఆగాలి, ఆగినట్టే ఉండాలి. లేదంటే సోమవారం నుంచి ఆ కుర్చీలో మా మేనల్లుడు చక్రి కూర్చుంటాడు. నాకేం లేదయ్యా, కమిటీ ఒత్తిడి. ఈ శుక్రవారం పూజ కూడా పొద్దున కాదు, సమావేశంలోనే అందరి ముందూ చేస్తాను."

చక్రి కంప్యూటర్ కోర్సు ఏదో సగం చదివిన ముప్పై ఏళ్లవాడు. గురువారమే వచ్చి కుర్చీ ఎత్తు సరిచేసి చూసుకున్నాడు. "కంగారు పడకండి అంకుల్, వైరస్ అయ్యుంటుంది" అని ఎలీషాని ఓదార్చి, బల్ల సొరుగులో ఏమున్నాయో చూసి వెళ్లాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఎలీషాకి క్యారేజీ తెరవబుద్ధి కాలేదు. ఎదురుగా పుల్లయ్య షెడ్డు ఉంది. పుల్లయ్య లారీలని స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటార్లు, డైనమోలు బాగుచేస్తాడు. నలభై ఏళ్లుగా అదే పని. సంఘంలో ఏ వర్గంలోనూ చేరడు కాబట్టి కంప్యూటర్ సంగతి అతన్ని ఎవరూ అడగలేదు. ఎలీషా వెళ్లి అతని పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"పుల్లయ్యన్నా, సోమవారం నుంచి నేను రాను."

పుల్లయ్య చేతిలో పని ఆపలేదు. సంగతంతా విన్నాడు. విని, "ఆగినాక ఎంతసేపటికి లేస్తంది?" అని అడిగాడు.

"ఒక్కోసారి పది అంకెలు లెక్కబెట్టే లోపు. ఒక్కోసారి బల్ల కదిలితే."

"బల్ల కదిలితేనా?" పుల్లయ్య అప్పుడు తలెత్తాడు. "లారీ తాళం తీసినా సెల్ఫ్ తిరుగుతానే ఉందనుకో, మేం మోటారు విప్పం ఎలీషా. ముందు స్విచ్చి వైరు పీకుతాం. పీకంగానే ఆగిందా, మోటార్లో రోగం లేదు. స్విచ్చి అతుక్కుంది. పద."

స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని అతను ఆఫీసులోకి నడిచాడు. ఎలీషా చేత 'షట్‌డౌన్' నొక్కించి, అది మళ్లీ లేచేలోపే బీరువా వెనక చెయ్యి దూర్చి కరెంటు కట్టేసి, డబ్బా పక్క రేకు విప్పి లోపలికి తొంగి చూశాడు. నెలన్నరగా ఆటోనగర్ మొత్తం చెయ్యని పనికి అతనికి రెండు నిమిషాలు పట్టింది. బటన్ వెనకనుంచి రెండు సన్నటి వైర్లు బయలుదేరి పెద్ద పలక మీద రెండు సూదుల్లాంటి మొనలకి తగులుకుని ఉన్నాయి. "ఆ వైరు మీద ఏం రాసుంది?" అని అడిగాడు. ఎలీషా కళ్లజోడు సర్దుకుని చదివాడు. "పవర్. ఆ పక్కన ఎస్, డబ్ల్యూ."

"స్విచ్చేగా మరి." పుల్లయ్య ఆ వైరు పీకేశాడు. కరెంటు ఇచ్చి, స్క్రూడ్రైవరు మొన రెండు సూదులకీ ఒక్క క్షణం ఆనించాడు. కంప్యూటర్ బీప్‌మని లేచింది. ఎలీషా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తాళం పోయిన లారీని ఇట్టా స్టార్ట్ చేయబట్టి నలభై ఏళ్లు" అన్నాడు పుల్లయ్య. "ఇప్పుడు ఆపు."

ఎలీషా 'షట్‌డౌన్' నొక్కాడు. తెర నల్లబడింది. ఫ్యాను నిలిచింది. పది అంకెలు లెక్కపెట్టాడు, ఇరవై లెక్కపెట్టాడు, వంద లెక్కపెట్టాడు. పుల్లయ్య బల్లని కాలితో తన్నాడు. అది కదలలేదు, మెదలలేదు. నెలన్నర తరవాత ఆ గదిలో ఫ్యాను చప్పుడు లేదు. ఎలీషాకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

పుల్లయ్య ముందు ప్లాస్టిక్ అట్ట ఊడదీసి బటన్ చేతిలోకి తీసుకున్నాడు. దాని వెనకంతా పసుపూ ఎరుపూ కలిసిన ముద్ద దట్టంగా పట్టేసి ఉంది. బటన్ లోపలికి వంగి అక్కడే ఇరుక్కుపోయింది. స్విచ్చికి తగిలీ తగలకుండా ఆనుకుని ఉంది. అతను వేలితో ఆ ముద్ద గీకి, రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు.

"చందనం ఒక్కటే అయితే ఎండి పొడయి రాలిపోయేది. దీన్లో నూనె కలిసింది. అందుకే గ్రీజు కట్టింది. మల్లెపూల సెంటు కొడతంది. ఈ నూనె ఎవరిది?"

ఎలీషా చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. పుల్లయ్య ఆ జేబు వైపు చూశాడు, అతని మొహం వైపు చూశాడు, ఇంక అడగలేదు. ఆఫీసు ప్రారంభోత్సవం నాడు తప్ప ఎన్నడూ తెరవని ప్రథమ చికిత్స పెట్టె గోడకి వేలాడుతోంది. దాంట్లోంచి స్పిరిటూ దూదీ తీసి బటన్‌నీ, దాని గూడునీ శుభ్రంగా తుడిచాడు. వైరు తగిలించి, అట్ట బిగించాడు. బటన్ టిక్కుమని నొక్కుకుని టిక్కుమని పైకి లేచింది. నాలుగుసార్లు పెట్టి ఆపి చూశారు. నాలుగుసార్లూ ఆగింది.

"నేనెవరికీ చెప్పనులే" అన్నాడు పుల్లయ్య వెళ్తూ. "కాని ఈ సాయంత్రం ఆయన మళ్లీ బొట్టు పెడతాడు. ఎంత తుడిచినా సందుల్లో నూనె జిడ్డు ఉండిపోద్ది, దాని మీద చందనం పడితే మళ్లీ గ్రీజు కట్టుద్ది. నెల తిరక్కుండా మళ్లీ ఇదే. అది చూసుకో."

ఎలీషాకి సంతోషం అంతటితో ఆగిపోయింది. చెప్పకపోతే ఈ రోజుకి కుర్చీ నిలుస్తుంది, నెలకి పోతుంది. చెబితే ఏమవుతుందో అతనికి బుధవారం గుమ్మంలోనే వినపడింది. మిషన్ చెడింది మీ బొట్టు వల్లేనని నలభై మంది ముందు చర్చికి వెళ్లే గుమాస్తా ప్రెసిడెంటుతో అనాలి. ఎన్నికలకి నెల ముందు అనాలి.

నాలుగింటికి ప్లాస్టిక్ కుర్చీలు నిండాయి. పునుగుల పొట్లాలు తిరిగాయి. ముందు వరసలో జయపాల్ కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. చక్రి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ఎలీషా కుర్చీ వెనక దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పుల్లయ్య గుమ్మం దగ్గర గోడకి ఆనుకున్నాడు.

"ముందు పూజ, తరవాత పరీక్ష" అని రత్తయ్య గారు చెప్పులు విడిచారు. పళ్లెంలో చందనం ఈసారి గిన్నెడు ఉంది. బొటనవేలు మొత్తం ముంచారు. వేలు బటన్ వైపు వచ్చింది. శుభ్రంగా, బోసిగా ఉన్న బటన్‌ని చూసి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"నా బొట్టేదయ్యా?"

చక్రి ముందుకి వంగాడు. బుధవారం నాటి కమిటీ సభ్యుడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. రత్తయ్య గారు జవాబుకి ఆగకుండా మళ్లీ వేలు చాచారు. ఎలీషా ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్లలో అతను ప్రెసిడెంటు గారి చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"అక్కడొద్దండీ. అది స్విచ్చి. చందనం లోపలికి దిగి అతుక్కుపోయింది. అందుకే ఆగట్లేదు. మధ్యాహ్నం పుల్లయ్యన్నా నేనూ విప్పి తుడిచాం."

ఎవరో "చూశారా" అన్నారు. కుర్చీలు కిర్రుమన్నాయి. రత్తయ్య గారి మొహం ఎర్రబడింది. ఎలీషా చెయ్యి వదల్లేదు. రెండో చేత్తో జేబులోంచి నూనె సీసా తీసి కీబోర్డు పక్కన, అందరికీ కనబడేలా పెట్టాడు.

"మీ చందనం ఒక్కటే కాదండీ. రోజూ పొద్దున్నే నేను ప్రార్థన నూనె రాశాను. అక్కడే. ఎవరికీ చెప్పలేదు. నూనె కలవకపోతే చందనం ఎండి రాలిపోయేదంట. సగం పాపం నాది. అసలు అదే నుదురని మీకు చూపించింది కూడా నేనేనండీ."

జయపాల్ పునుగు నోటి దాకా తీసుకెళ్లి ఆపాడు. అతనూ ఆ ఉపవాస ప్రార్థనలకే వెళ్తాడు, అతని షెడ్డు కంప్రెసర్‌కీ అదే నూనె పడుతుంది. రత్తయ్య గారు సీసా వైపు చూశారు, తరవాత ఎలీషా వైపు చూశారు. దగ్గరికి జరిగి, మిగతావాళ్లకి వినపడకుండా అడిగారు.

"నూనె ఎందుకు రాశావయ్యా?"

"భయమేసిందండీ. ఇది వచ్చింది గదా, ఇంక నన్ను పంపేస్తారని."

రత్తయ్య గారు మణికట్టు విడిపించుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"నేను మాత్రం బొట్టెందుకు పెట్టాననుకున్నావు?" అన్నారు అదే గొంతుతో. "బావమరిది దగ్గర కొన్నాను. ఇది పాడైతే నా కుర్చీ పోద్దని."

ఎలీషా ఆయన చెయ్యి వదిలాడు. ఆ మనిషిని చూసి అతనికి జాలేసింది. తనకంటే పెద్ద కుర్చీ, అంతే తేడా.

రత్తయ్య గారు సభ వైపు తిరిగేసరికి మళ్లీ ప్రెసిడెంటు అయిపోయారు. గొంతు సవరించుకుని, "హిందువుల బొట్టుకీ, క్రైస్తవ సోదరుల నూనెకీ తట్టుకోలేని స్విచ్చిని తయారుచేసిన కంపెనీ వైఖరిని ఈ సంఘం తీవ్రంగా ఖండిస్తోంది. రాసుకో ఎలీషా" అన్నారు. నలభై చేతులు లేచాయి. జయపాల్ చెయ్యి కూడా లేచింది. సంఘం చరిత్రలో రెండు వర్గాలూ కలిసి ఆమోదించిన మొదటి తీర్మానం అదే. ఎలీషా రెండు వేళ్లతో కొట్టాడు.

"అంతా బాగానే ఉంది" అన్నాడు జయపాల్, చెయ్యి దించుతూ. "సర్వీసు వాడు ఓటర్ల జాబితా మొత్తం చెరిపేశాడని వాడి నోటే విన్నాను. అదెవరు తెచ్చిస్తారు? చక్రి బాబు తెచ్చిస్తాడా?"

చక్రి ప్రెసిడెంటు గారి వైపు చూశాడు. రత్తయ్య గారికి ఆ సంగతే తెలీదు. ఆయన ఎలీషా వైపు చూశారు.

"పోయిందండీ, మళ్లీ ఎక్కించాను" అన్నాడు ఎలీషా. "పుస్తకంలో ఉంది గదండీ. నేను రాయడం మానలేదు."

ఎవరూ ఏమీ అనకముందే అతను 'షట్‌డౌన్' నొక్కాడు. తెర నల్లబడింది. ఫ్యాను నిలిచింది. ఎవరో పైకే అంకెలు లెక్కపెట్టడం మొదలుపెడితే మిగతావాళ్లు గొంతు కలిపారు. యాభై దాటాక లెక్క మానేసి టీలకి లేచారు. చక్రి కుర్చీ వీపు మీదనుంచి చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

రత్తయ్య గారు మాత్రం బల్ల దగ్గరే ఉన్నారు. బొటనవేలి మీద చందనం అలాగే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక వేలు గాల్లో పట్టుకుని నిలబడ్డారు.

"ఆ పుస్తకం ఏదయ్యా?" అన్నారు.

ఎలీషా వంగి బీరువా కింది అరలోంచి రిజిస్టరు తీసి, పాత అట్టని చొక్కా చేత్తో తుడిచి బల్ల మీద పెట్టాడు. అట్ట మీద నిరుటి బొట్టు వెలిసిపోయి, చిన్న మరకగా కనబడుతోంది. నుదురు ఎక్కడని రత్తయ్య గారు ఈసారి అడగలేదు. ఆ మరక మీదే వేలు ఆనించి, నిదానంగా బొట్టు పెట్టి, రెండు చేతులూ జోడించారు.

ఎలీషా తల పక్కకి తిప్పుకున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని గోడ గడియారం చూశాడు. ఉయ్యూరు బస్సుకి ఇంకా పావుగంట ఉంది.